బడి భోజనములో తీపి: ఒక టెలివిజన్ ధారావాహిక, ఒక తగవు

పిల్లల పళ్లెములోని తీపిని ప్రభుత్వము తగ్గింపబూనినప్పుడు పిల్లలకంటె పెద్దలకే ఎక్కువ కోపము వచ్చుట కలదు. ఇంగ్లండులో జరిగిన తగవు ఇందుకు మంచి ఉదాహరణము. 2005లో జేమీ ఆలివర్ అను పేరుపొందిన వంటవాడు ఛానెల్ 4లో నాలుగు భాగములుగా చూపిన ‘జేమీస్ స్కూల్ డిన్నర్స్’ దీనికి మూలము. బడిలో ఒక్కొక్క పిల్లవాని భోజన దినుసులకు 37 పెన్సులు మాత్రమే వెచ్చించుచున్నారని అది బయటపెట్టినది. రెండున్నర లక్షలకు పైగా జనులు అర్జీపై సంతకము చేసినారు. ప్రభుత్వము 28 కోట్ల పౌండ్లు ఇచ్చెదనన్నది. 2006 సెప్టెంబరునుండి బడులలో మిఠాయిలు, చాక్లెట్లు, తీపి సోడాలు ఉండరాదని నిబంధన వచ్చినది.

ఆ నెలలోనే యార్క్‌షైరులోని రామార్ష్‌లో కొందరు తల్లులు బడి కంచె మీదుగా బర్గర్లు, వేపుడు బంగాళాదుంపలు, సోడాలు పిల్లలకు అందించినారు. పత్రికలు వారిని ఎగతాళి చేసినవి. వారి వాదమేమి? కొత్త తిండి పిల్లలకు రుచించుట లేదు. తినక ఆకలితో ఉందురు. మా బిడ్డలేమి తినవలెనో చెప్పుటకు మీరెవరు?

మొదటి రెండు మాటలను శాస్త్రము కొట్టివేయజాలదు. తీపి యెడల ప్రీతి పుట్టుకతోనే వచ్చును; తల్లిపాలే తియ్యన. చేదు కూరల యెడల ఇష్టము నేర్చుకొనవలసినది. ఒకే కూరను కొద్దికొద్దిగా పదిసార్లో, అంతకు మించియో రుచి చూపినగాని పలువురు పిల్లలు దానిని ఒప్పుకొనరు. ధారావాహికలోనే ఆలివర్ మొక్కజొన్న పొత్తు వేషము వేసికొని చిన్నపిల్లలను బతిమాలుకొన్నాడు! కాని నెలల తరబడి పడిన పాటును నాలుగు రాత్రులకు కుదించుటచే, మార్పు త్వరగా వచ్చునన్న భ్రమ కలిగినది. ఆ ధారావాహికలో నాకు కనిపించు పెద్ద లోపమిదే. పిల్లల నాలుక మాత్రము నిబంధన అమలు తేదీని ఎరుగదు.

మూడవ మాట వేరు. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర కలదు. 7 మొదలు 10 ఏండ్ల పిల్లలకు దినమంతటికి 24 గ్రాములు మించరాదని బ్రిటిష్ పోషకాహార శాస్త్రజ్ఞుల సంఘము 2015లో చెప్పినది. అనగా ఒక్క డబ్బాలో ఒకటిన్నర దినముల చక్కెర! పైగా పానీయములోని చక్కెర కడుపు నిండిన భావమును అంతగా కలిగింపదు. నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగా మార్చి పంటి పింగాణిని తినివేయును. తల్లి ప్రేమకు ఈ లెక్క తెలియకపోవుట వింతకాదు. తెలుపని వారిదే తప్పు.

తీపి కట్టడి ఆ దేశమునకు కొత్త కాదు. యుద్ధకాలపు రేషన్‌లో మిఠాయిలపై కట్టడిని 1949 ఏప్రిల్‌లో తొలగింపగా, జనుల గిరాకీకి సరకు చాలక ఆగస్టులో తిరిగి పెట్టినారు. మిఠాయిలకు 1953 ఫిబ్రవరిలో, చక్కెరకు సెప్టెంబరులో విముక్తి కలిగినది. ఆపై పెద్దల చక్కెర వాడుక దినమునకు సుమారు 40 గ్రాములనుండి 80 గ్రాములకు పెరిగినది. తల్లి గర్భములోను, మొదటి రెండేండ్లలోను రేషన్‌లో పెరిగినవారికి పెద్దతనములో రెండవ రకపు మధుమేహము సుమారు 35 శాతము, రక్తపుపోటు 20 శాతము తక్కువగా కనిపించినవని 2024లో ‘సైన్స్’ పత్రిక ప్రకటించినది. ఇది పసితనమునకు సంబంధించిన ఫలితము. బడి ఈడుకు యథాతథముగా అన్వయింపరాదు. రేషన్ అందరికి వర్తించినది. బడి నిబంధన బడి గోడలోపలనే. అందుకే కంచె దగ్గర బేరము సాగినది.

రేషన్ మేలు తూకమునకు వచ్చుటకు డెబ్బది యేండ్లు పట్టినది. రామార్ష్ కంచె వెనుక చేతులు చాచిన పిల్లలకు ఇప్పుడు ముప్పది యేండ్లు వచ్చినవి.