ఎడమచేతి ఉత్తరానికి

ఓ ఉత్తరమా! 1797 జులై 27న, కానరీ దీవుల చెంత, థీసియస్ యుద్ధనౌకలో పుట్టినదానా! నీ అక్షరాలు తూలుతున్నాయి, ఒరుగుతున్నాయి, పడబోయి నిలదొక్కుకుంటున్నాయి. నిన్ను రాసింది కలం పట్టడం అలవాటు లేని ఎడమచెయ్యి. ఆ చెయ్యి హొరేషియో నెల్సన్‌ది. బ్రిటిష్ నౌకాదళంలో రియర్ అడ్మిరల్, వయసు 38 ఏళ్లు. అతని కుడిచెయ్యి పోయి అప్పటికి రెండు రోజులే.

ఆ రాత్రిని నువ్వెరుగుదువు. జులై 24. టెనెరిఫ్ దీవిలోని శాంతాక్రూజ్ రేవు మీద దాడికి పడవలు సిద్ధమవుతున్నాయి. జోసయా నిస్బెట్ కూడా సిద్ధమయ్యాడు. వయసు 17, హోదా లెఫ్టినెంట్. నెల్సన్ భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు. నువ్వు ఓడలోనే ఉండిపో, ఇద్దరమూ పోతే మీ అమ్మకు దిక్కెవరని నెల్సన్ వారించాడట. ఈ ఒక్క రాత్రికీ వెంట వచ్చి తీరతానని కుర్రవాడు మొండికేశాడట. ఆ మొండితనానికి దండం!

ఒడ్డున అడుగుపెట్టబోతుండగా గుండు తగిలి నెల్సన్ కుడి మోచేతి పైన ఛిద్రమైంది. రక్తం ధారకట్టింది. జోసయా అతన్ని పడవలో పడుకోబెట్టాడు. మెడలో ఉన్న పట్టు రుమాళ్లు విప్పాడు. గాయానికి పైన బిగించి కట్టాడు. ఒక నావికుడు తన చొక్కా చింపి చేతికి ఊతం కట్టాడు. ఫిరంగుల కింద నుంచే పడవ వెనక్కి సాగింది. ఓ లేత చేతులారా, వణకని చేతులారా! చీకట్లో, కేకల్లో, అలల ఊపులో ఒక ప్రాణాన్ని ముడివేసి ఆపిన చేతులారా! మీకు జేజేలు.

దగ్గర్లో సీహార్స్ నౌక ఉంది. అందులో కెప్టెన్ ఫ్రీమాంటిల్ భార్య ఉంది. ఆమె భర్త ఇంకా ఒడ్డునే పోరులో ఉన్నాడు. అతని కబురు చెప్పలేని స్థితిలో, నెత్తుటితో ఆమె కంటపడనన్నాడు నెల్సన్. థీసియస్ దాకా పోనిచ్చాడు. మిగిలిన ఒంటి చేత్తో తాడు పట్టుకుని తానే ఓడెక్కాడు. వైద్యుడు చెయ్యి తీసేశాడు. దాడి ఓడిపోయింది. మిత్రుడు కెప్టెన్ బోవెన్ నేలకొరిగాడు.

అప్పుడు పుట్టావు నువ్వు, సేనాపతి జాన్ జెర్విస్ పేర. నేనిక మిత్రులకు భారం, దేశానికి పనికిరానివాణ్ణి అని పలికావు. మీ కొలువు విడిచిన నాడే నేను లోకానికి లేనట్టని సెలవడిగావు. ఆ చీకటి మాటల మధ్యనే ఒక కోరిక కోరావు: ఈ అబ్బాయికి పదోన్నతి ఇవ్వండి. నాకు ఇతను రుణపడ్డాడు కానీ, శాంతాక్రూజ్ నుంచి నన్ను తెచ్చి ఆ రుణం తీర్చేశాడు. ఈ గిలుకురాతను మన్నించండి, ఇదే నా మొదటి ప్రయత్నం.

ఉత్తరమా, నీ గొప్పతనం ఇదీ! సర్వమూ పోయిందనుకున్న మనిషి తనకోసం అడిగింది ఇంటికి చేరడానికి ఒక ఓడ. తనను కాపాడినవాడి కోసం అడిగింది భవిష్యత్తు. చెవిన వేయాల్సినవాడి చెవినే వేశావు. పొగడ్తతో సరిపెట్టలేదు, పని జరిపించావు. జెర్విస్ ఆ కుర్రవాణ్ణి డాల్ఫిన్ అనే ఆసుపత్రి నౌకకు అధిపతిని చేశాడు.

నువ్వు చెప్పిన వీడ్కోలు మాత్రం నిజం కాలేదు. మరుసటి ఏడాదే నైలు యుద్ధం గెలిచింది నిన్ను రాసిన చెయ్యి. 1805 అక్టోబరు 21న, ట్రఫాల్గర్‌లో విజయం అందిన రోజున, విశ్రమించింది. ఈలోగా నెల్సన్‌కూ జోసయాకూ మధ్య మనసులు విరిగాయి. ఇంటి గొడవలు, కటువైన మాటలు పెరిగాయి. అయినా ఆ అబ్బాయి గురించి నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అక్షరమూ అబద్ధం కాలేదు. చేసిన మేలు తర్వాతి కోపానికి చెరగదు. ఆ రాత్రి పట్టు రుమాలు ముడి జారి ఉంటే, నైలూ ట్రఫాల్గరూ మరొకరి కథలయ్యేవి.

చదివేవారా, మీ రక్తం ఆపినవాళ్లు మీకూ ఉండే ఉంటారు. కృతజ్ఞతను గుండెలో దాచుకుని ఊరుకోకండి. వాళ్లకు మేలు చేయగల వాళ్ల ముందు, వాళ్ల పేరు పెట్టి, చేసిన పని చెప్పండి. చేతిరాత బాగుండే దాకా ఆగకండి.