తిరగేస్తేనే తిన్నగా

పేజ్‌మేకర్‌లో తెలుగు పుస్తకాలు తయారైన రోజుల్లో డీటీపీ ఆపరేటర్ ప్రింట్ ఇచ్చే ముందు రెండు చిన్న గడులు చూసుకునేవాడు. ఒకటి అక్షరాల్ని అద్దంలోలా తిరగేసే మిర్రర్, ఇంకోటి నలుపు తెలుపుల్ని తారుమారు చేసే నెగెటివ్. అర్జీలూ ఉత్తరాలూ తీసేవాళ్లకు వాటితో పనే లేదు. ప్రెస్సుకు పంపేవాళ్లకు మాత్రం టిక్కు తప్పితే ప్లేటు దండగ.

సీసపు అక్షరాల కాలంలో మిర్రర్ గడి పని కంపోజిటర్ల కళ్లే చేసేవి. అక్షరాలు పేర్చే స్టిక్కులో వరస తలకిందులుగా, తిరగబడి కనిపిస్తుంటే వత్తులతో సహా గడగడా చదివేసేవారు.

తిరగేసి రాయడమనే బాధ అలోయిస్ జెనెఫెల్డర్‌కూ తప్పలేదు. తన నాటకాలను చవగ్గా అచ్చేసుకోవాలని 1790లలో మ్యూనిక్‌లో తంటాలు పడి, రాతి అచ్చు కనిపెట్టిన మనిషి ఆయన. రాతి మీద ప్రతి అక్షరమూ ఎదురు దిక్కున రాయాలి. దానికీ ఉపాయం చూశాడు: జిడ్డు సిరాతో కాగితం మీద మామూలుగా రాసి, దాన్ని రాతి మీద బోర్లించి అద్దడం. రాత తనంతట తానే తిరగబడుతుంది.

ఆఫ్‌సెట్ వచ్చాక లెక్క మారింది. ప్లేటు మీద అక్షరం తిన్నగానే ఉంటుంది, రబ్బరు బ్లాంకెట్ మీద తిరగబడుతుంది, కాగితం మీదికి మళ్లీ తిన్నగా దిగుతుంది. మరి ప్లేటు తయారీకి ట్రేసింగ్ పేపర్ మీద తీసే మిర్రర్ ప్రింట్ దేనికి? టోనర్ ఉన్న ముఖం ప్లేటుకు ఆనాలి గనక. కాగితం మందం మధ్యలో ఉంటే ప్లేటు మీద వేసే వెలుగు పక్కల నుంచి దూరి సన్న గీతల్ని కొరికేస్తుంది. చిన్న సైజు అక్షరాల్లో ముందు దెబ్బతినేది మన వత్తులే.

పాలిమర్ స్టాంపుల పని ఇంకో రకం. అక్కడ కావలసింది నెగెటివ్: చుట్టూ నలుపు, అక్షరాలు ఖాళీ. ఆ ఖాళీల గుండా అల్ట్రావయొలెట్ వెలుగు తగిలిన చోట పాలిమర్ ద్రవం గట్టిపడుతుంది, మిగతాది కడిగితే పోతుంది. స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉండాలి కదా అని మిర్రర్ కూడా కొడితే పని చెడినట్టే. టోనర్ ముఖాన్ని పాలిమర్ వైపు పెడితే ఆ తిరగబడటం అచ్చులోనే జరిగిపోతుంది.

ఇప్పుడు కంప్యూటర్ నుంచే నేరుగా ప్లేట్లు వస్తున్నాయి, ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ఈ గోల చాలావరకు తగ్గింది. అది టీషర్టులు, కప్పుల దుకాణాలకు చేరింది. ఇస్త్రీపెట్టె వేడితో అంటించే కాగితాల్లో లేత రంగు బట్టలవి బోర్లించి అంటించాలి కాబట్టి మిర్రర్ తప్పదు. ముదురు రంగు బట్టలకు మామూలుగా వాడే కాగితం వేరు. దాని వెనక పొర ఒలిచి, బొమ్మ పైకి కనిపించేలా పరుస్తారు. దానికి మిర్రర్ కొట్టారో, చొక్కా మీది పేరు చదవడానికి అద్దం తెచ్చుకోవాల్సిందే.