బోస్టను సర్పదేవి: ఒక సందేహము

అమెరికాలోని బోస్టను నగర కళాప్రదర్శనశాలలో జానెడైన లేని దంతపు ప్రతిమ యొకటి కలదు. సన్నని నడుము, కుచ్చుల పావడా, చాచిన చేతులలో బంగారు సర్పములు. 1914లో అది అచ్చటికి చేరినప్పుడు, క్రీటు ద్వీపమున మూడున్నరవేల యేండ్లనాడు పూజలందిన దేవియని పండితులు సంతసించిరి.

నేను కచేరీ దస్త్రములతో తల నెరసినవాడను, శిల్పశాస్త్ర మెరుగను. కాని యే వస్తువునకైనను ఎచ్చట, ఎవరికి, ఎప్పుడు దొరకెనను మూడు గడులు నింపవలెనని యెరుగుదును. ఈ దేవికి ఆ మూడును ఖాళీలే.

1903లో ఆర్థరు ఎవాన్సు క్నోసోసు రాజగృహమున, నేల క్రింది రాతిగుంటలలో, మెరుగుపూత గల ప్రతిమలను కనుగొనెను. అందొకదానికి తల లేదు. ఇప్పుడున్నది తరువాత చేసి అతికినది. దొరకిన చోటును స్థితియు నమోదైనందుననే ఏది పాతదో, ఏది క్రొత్తదో నేడు చెప్పగలుగుచున్నాము. బోస్టను ప్రతిమకు అట్టి రక్షణ లేదు.

పైగా దాని ముఖము మిక్కిలి ముద్దుగా నున్నది. ఆ లాలిత్యము ప్రాచీన క్రీటుకంటె ఇరువదవ శతాబ్దారంభపు అభిరుచికే దగ్గరయని విమర్శకులు శంకించిరి. ఎవాన్సు దీనిని అంగీకరించెను. పిమ్మట అంగడికి వచ్చిన అట్టి ప్రతిమలను దీనితో పోల్చి నిజమైనవనిరి. నకలును నకలుతో సరిచూచి అసలని ముద్రవేయుట కచేరీలో చెల్లదు; చరిత్రలో మాత్రమేల చెల్లవలెను?

ఎవాన్సు కడ మరమ్మతులు చేసిన పనివాడొకడు మరణభయముతో దొంగప్రతిమల తయారీని ఒప్పుకొనెనని లియొనార్డు వూలీ తన జ్ఞాపకములలో వ్రాసెను. ఆ కథ ఈ ప్రతిమకు తీర్పు కాజాలదు. 2002లో కెన్నెత్ లాపాటిన్ ఒక గ్రంథమునే వ్రాసి, అట్టి ప్రతిమల ప్రాచీనతను గట్టిగా ప్రశ్నించెను. కావున దీనిని దొంగదనుట తొందర. ప్రాచీనమనుట అంతకంటె తొందర. సందిగ్ధమనుటయే న్యాయము.

ఈ మాట మనకును వర్తించును. పరాయి సీమలలో స్థిరపడిన మన యిండ్లలో, తాతలనాడు మూటగట్టి తెచ్చినదని చెప్పు అమ్మవారి విగ్రహములు కలవు. పూజకు భక్తి చాలును, చరిత్రకు చాలదు. ఏ యూరినుండి, ఎవరు, ఏ యేట తెచ్చిరో తెలిసిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి వ్రాసి యుంచుకొందము. తెలియనిచోట తెలియదనియే వ్రాయుదము. ఖాళీ గడి అవమానము కాదు. దానిని కల్పనతో నింపుటయే అవమానము.