హెడ్డు తుడిచే చేయి

పాత పెళ్లి క్యాసెట్‌ పెడితే తెర నిండా చుక్కలే. మాటలు, సన్నాయి మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి. "టేపు పోలేదండీ, హెడ్డు మాసింది" అంటాడు వీసీఆర్‌ మెకానిక్‌, మూత విప్పకముందే. బొమ్మను చదివేది తిరిగే డ్రమ్ము మీది హెడ్డు. మామూలు వీసీఆర్‌లో శబ్దాన్ని చదివేది కదలకుండా ఉండే మరో హెడ్డు. అందుకే సగం జబ్బు అతనికి చెవితోనే తెలిసిపోతుంది.

మన పాల్‌ (PAL) టీవీ పద్ధతిలో ఆ డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. అది చదివే ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇంచుమించు 20వ వంతు. కాబట్టి స్పిరిట్‌లో తడిపిన మెత్తని తోలుముక్కను కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పుతాడు. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. దూదిపుల్ల వాడితే పోగులు ఇరుక్కుంటాయి.

తెర మీద అడ్డంగా చారలు పాకితే ట్రాకింగ్‌ సరిచేస్తాడు. టేపు నమిలేస్తుంటే, చుట్టుకునే చక్రాన్ని తిప్పే రబ్బరు అరిగిందేమో చూస్తాడు. క్యాసెట్‌ కిటికీలోంచి తెల్లని బూజు కనిపిస్తే మాత్రం మిషన్లో పెట్టనే పెట్టడు. అది హెడ్డుకూ, ఆపైన పెట్టే క్యాసెట్‌కూ అంటుకుంటుంది.

చివరికి జపాన్‌ కంపెనీ ఫునాయ్‌ కూడా 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. ఇప్పుడతను ఒక మిషన్‌ను బతికించాలంటే మూలనపడ్డ మరో మిషన్‌ను విప్పుకోవాలి. అక్షింతలు వేస్తూ నాయనమ్మ మళ్లీ తెర మీద నవ్విందంటే, అది ఆ ఓపిక చలవే.