తూము నుంచి మడిదాకా

ఇంట్లో ఒక మూలన పెట్టుకున్న చిన్న కంప్యూటరులో వర్డ్‌ప్రెస్‌ను ఇన్‌స్టాల్ చేసి, సొంత బ్లాగును సొంత యంత్రం మీదే నడుపుకోవాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: తెరమీద ఒక్క పేజీగా కనిపించేది నిజానికి నాలుగైదు ప్రోగ్రాములు ఒకదాని చేతికి ఒకటి అందిస్తూ కట్టిన పేజీ. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి అంతకుముందున్న బీ2 అనే బ్లాగు ప్రోగ్రామును ఆధారం చేసుకుని 2003 మే 27న విడుదల చేసిన వర్డ్‌ప్రెస్‌కు, ఐదు నిమిషాల్లో ఇన్‌స్టాల్ అవుతుందన్న పేరుంది. ఆ పేరు తప్పేమీ కాదు గానీ, కింద ఉండవలసినవన్నీ సిద్ధంగా ఉన్నచోటే ఐదు నిమిషాలు చాలుతాయి. అద్దె సర్వరులో ఆ ఏర్పాట్లు మరొకరు చేసిపెడతారు. ఇంట్లో అవన్నీ యజమానే చేసుకోవాలి.

పాఠకుడి బ్రౌజరు పంపిన అభ్యర్థన ముందు ఇంటి రౌటరును దాటి వెబ్ సర్వరుకు, అంటే అడిగిన పేజీని అందించడమే పనిగా ఎప్పుడూ మేలుకొని ఉండే అపాచీ వంటి ప్రోగ్రాముకు చేరుతుంది. అపాచీ దాన్ని వర్డ్‌ప్రెస్ కోడును చదివి నడిపించే పీహెచ్‌పీకి అప్పగిస్తుంది. పీహెచ్‌పీ టపాల పాఠాన్ని డేటాబేస్ నుంచి, అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచే మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ నుంచి తెచ్చుకుని పేజీ కట్టి వెనక్కు పంపుతుంది. కాలువ చివరి మడికి నీరందనప్పుడు లష్కరు తూము దగ్గర మొదలుపెట్టి, గట్టు వెంబడి నడుస్తూ, నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూసుకుంటాడు. ఇక్కడ చేయవలసిన పనీ అదే. మామూలు పాఠంతో ఒక ఫైలు పెట్టి బ్రౌజరులో తెరిస్తే అపాచీ సంగతి తేలుతుంది. తర్వాత ఒక్క వాక్యం పీహెచ్‌పీ ఉన్న ఫైలును తెరిచినప్పుడు ఫలితానికి బదులు కోడే అక్షరాలా కనిపించిందంటే, అపాచీకి పీహెచ్‌పీతో లంకె కుదరలేదన్నమాట. ఈ రెండూ సవ్యంగా ఉన్నాయని చూసుకోకుండా వర్డ్‌ప్రెస్‌ను నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టడం వృథా శ్రమ, పైగా మొదటి తప్పు జాడను కూడా చెరిపేసే పని. తెర పూర్తిగా తెల్లగా ఉండిపోయినప్పుడు సైతం కారణం అపాచీ లాగ్‌లో, అంటే జరిగినది జరిగినట్టు వరుసగా రాసుకునే ఫైలులో, చాలాసార్లు వాక్యం సంఖ్యతో సహా నమోదై ఉంటుంది.

ఎక్కువమందిని ఆపేసే గడప డేటాబేస్. కాన్ఫిగ్ ఫైలులో రాసిన వాడుకరి పేరులో గానీ పాస్‌వర్డులో గానీ తప్పున్నా, డేటాబేస్ అసలు నడవకపోయినా, వర్డ్‌ప్రెస్ చూపే పేజీ ఒక్కటే: డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదని. లోపలి కారణాన్ని అది పైకి చెప్పదు, కాబట్టి అదే పేరుతో, అదే పాస్‌వర్డుతో కమాండ్ లైను నుంచి నేరుగా డేటాబేస్‌లోకి ప్రవేశించి చూడాలి. అక్కడ లోపానికి ఒక సంఖ్య దొరుకుతుంది. 2002 వస్తే డేటాబేస్ నిద్రలో ఉందని, లేదా దాని ద్వారం మరోచోట ఉందని అర్థం. 1045 వస్తే ద్వారం దొరికింది గానీ వచ్చినవారిని లోపలికి రానివ్వలేదని అర్థం. ఈ రెండో సందర్భంలో పాస్‌వర్డు సరైనదే అయినా ప్రవేశం దొరకకపోవచ్చు, ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ దృష్టిలో వాడుకరి అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ వచ్చిన చోటూ కలిస్తేనే వాడుకరి. లోకల్‌హోస్ట్ అని రాస్తే సంభాషణ సాకెట్ ద్వారా, అంటే ఒకే యంత్రంలోని ప్రోగ్రాములు మాట్లాడుకునేందుకు ఫైలు రూపంలో ఉండే ద్వారం గుండా సాగుతుంది, 127.0.0.1 అని రాస్తే అదే యంత్రం తనతో తాను నెట్‌వర్క్ పద్ధతిలో 3306 అనే పోర్టు మీద మాట్లాడుకుంటుంది. రెండూ ఒకటేనని పుస్తకాలు చెప్పినా ఈ సందర్భంలో కావు. ఒకదానితో కుదరని కనెక్షన్ రెండోదానితో కుదరడానికి కారణం ఇదే. ఇక పొద్దున బాగా నడిచి రాత్రికి ఇదే లోపం చూపే సర్వరులో పాస్‌వర్డును అనుమానించడం దండగ. మెమరీ తక్కువున్న చిన్న యంత్రాల్లో అది చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమే ఎక్కువ మెమరీ తింటున్న ప్రోగ్రామును చంపేస్తుంది, అది తరచు డేటాబేసే అవుతుంది.

ఫైళ్ల అనుమతుల విషయంలో చాలామంది విసిగిపోయి అన్నిటికీ 777 ఇచ్చేస్తారు, అంటే చదవడానికీ, రాయడానికీ, నడపడానికీ యంత్రంలోని ప్రతి వాడుకరికీ హక్కు ఇచ్చేస్తారు. లోపం మాయమవుతుంది కూడా. కానీ అది ఇంటి తాళం పట్టడం లేదని తలుపే పీకేయడం. వెబ్ సర్వరు ఏ వాడుకరి పేరుతో నడుస్తోందో తెలుసుకుని ఫైళ్లను ఆ పేరుకు అప్పగిస్తే, ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సరిపోతాయి.

ఇంట్లో తెరుచుకుని బయట తెరుచుకోని బ్లాగుది వేరే కథ. ఇన్‌స్టాల్ అయ్యే సమయంలో వర్డ్‌ప్రెస్ తన చిరునామాను డేటాబేస్‌లో రాసిపెట్టుకుంటుంది కాబట్టి, 192.168తో మొదలయ్యే ఇంటి లోపలి చిరునామాతో ఇన్‌స్టాల్ చేస్తే బయటి పాఠకుణ్ణి కూడా ఆ చిరునామాకే పంపుతుంది. ఇది కాన్ఫిగ్ ఫైలులో రెండు వాక్యాలతో సర్దుకుంటుంది. రౌటరుకు బయటివైపు దొరికిన చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మాత్రం ఇంట్లో చేయగలిగింది తక్కువ, ఎందుకంటే ఇంటర్నెట్ సంస్థ చాలా ఇళ్లను ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉంచిందని దాని అర్థం. ఆ అంకెలను 2012లో ఈ పనికోసమే కేటాయించారు. అప్పుడు రౌటరులో పోర్టులు ఎన్ని తెరిచినా బయటి అభ్యర్థన గుమ్మందాకా రాదు.

మొదటి పేజీ తెరుచుకుని ఒక్కో టపాకు మాత్రం పేజీ దొరకలేదనే 404 లోపం వస్తోందంటే, టపాల చిరునామాలను అర్థం చేసుకునే సూచనల ఫైలును చదవడానికి అపాచీకి అనుమతి ఇవ్వకపోవడమే తరచు కారణం. తెలుగులో రాసేవారు ఈ చిరునామాల్లో మరో సంగతి చూడాలి. తెలుగు అక్షరసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. చిరునామాలో ఒక్కో బైటు శాతం గుర్తు, దాని వెనుక రెండు అంకెలుగా మారుతుంది కాబట్టి ఒక్క సంకేతానికి తొమ్మిది స్థానాలు పడతాయి. ఆ చిరునామాకు పట్టికలో ఉన్న చోటు 200 స్థానాలు. అంటే సుమారు ఇరవై రెండు సంకేతాల దగ్గర శీర్షిక తెగిపోతుంది, అదీ గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కించాక. అందుకే చిరునామాను చేత్తో చిన్నదిగా రాసుకోవడం మేలు.

అన్నిటికంటే బాధాకరమైనది అక్షరాలే పోవడం. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేవరకూ వేరేగా చెప్పకపోతే పట్టికలను లాటిన్1లో, అంటే పశ్చిమ ఐరోపా భాషలకు మాత్రమే చోటున్న పాత పద్ధతిలో కట్టేది. పాత బ్లాగును ఇంటి సర్వరుకు తెచ్చుకున్నవారికి ఇది అక్కడ ఎదురవుతుంది. అటువంటి పట్టికలోకి యూనికోడ్ కనెక్షన్ ద్వారా ‘తెలుగు’ అని పంపితే ఆరు ప్రశ్నార్థకాలు మిగులుతాయి: మూడు అక్షరాలు, మూడు గుణింతాలు. ఆ మాట ఇక తిరిగి రాదు, ఎందుకంటే పట్టికలో నిజంగానే ప్రశ్నార్థకాలు పడ్డాయి. దీనికి భిన్నంగా, నెత్తిన వాలుగీత ఉన్న చిన్న రోమన్ ‘ఎ’ ప్రతి మూడో స్థానంలో కనిపిస్తూ మధ్యలో పిచ్చి గుర్తులు వస్తుంటే గుండె నిబ్బరం చేసుకోవచ్చు; తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు 224 కాబట్టి, ఆ వాలుగీత ‘ఎ’ ఆ బైటుకు లాటిన్1 పెట్టిన వేషం మాత్రమే. బైట్లు చెక్కుచెదరలేదు, వాటిని చదివే తీరే తప్పింది. పట్టికను నేరుగా యూనికోడ్‌కు మార్చమంటే డేటాబేస్ ఆ వేషాన్నే నిజమనుకుని మార్చి పాడుచేస్తుంది. ముందు పాఠం ఉన్న నిలువు వరుసను భాష లేని ఉత్త బైట్లుగా మార్చి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 అనే యూనికోడ్ పద్ధతిగా ప్రకటించాలి. ఆ పని కూడా మొదట ఒక నకలు పట్టిక మీద చేసి, ఒక పాత టపాను తెరిచి, ‘శ్రీ’, ‘క్ష్మి’ వంటి ఒత్తులున్న అక్షరాలు సరిగా నిలిచాయో లేదో కంటితో చూసుకున్నాకే అసలు పట్టిక జోలికి వెళ్లాలి.