తన కాలమును తానేలుకొనుట

మార్చి మాసమున పదవ తరగతి పరీక్షలు సమీపించినకొలది మన బడులలో ఉదయ సాయంకాలములు స్టడీ అవర్లు నెలకొనుటయు, హాస్టళ్ళలో తెల్లవారకమున్నే గంట మ్రోగుటయు, పిల్లలు కన్నులు నులుముకొనుచు పుస్తకముల యెదుట బారులు తీరి కూర్చుండుటయు మన కందరకును పరిచితములే. ఆ గంటను నేను నిందింపను. ఒంటిగది యిండ్లనుండి వచ్చువారికి, ఇంట చదువు చెప్పువారు లేనివారికి, నిశ్శబ్దమైన రెండు గంటల కాలమును, సందేహము తీర్చు నుపాధ్యాయుని సమకూర్చునది అదియే. కాని యేండ్ల తరబడి పిల్లలతో మెలగిన పిమ్మట నాకు తోచినదేమనగా, గంటకు లోబడుట నేర్చిన బాలుడు తన కాలమును తానేలుకొనుట నేర్చినవాడు కాడు. ఇంటర్మీడియట్ ముగియువరకు ప్రతి నిమిషమును పరులచే పంచిపెట్టించుకొన్నవాడు, లేపువారును అడుగువారును లేని ఇంజనీరింగు కళాశాల హాస్టలు గదిలో, ఒక్కసారిగా దక్కిన స్వాతంత్ర్యమును ఏమి చేసికొనవలయునో తెలియక మొదటి సెమిస్టరులోనే తడబడుట తరచుగా చూచుచున్నాము.

చదువును నిర్వహించుకొనుటయు నేర్పవలసిన విద్యయే గాని ఉపన్యాసములచేత అబ్బునది కాదు. క్రమశిక్షణ కలిగి యుండుమను హితవాక్యము విని దాని నలవరచుకొన్న పిల్లవానిని నేనింతవరకు చూడలేదు. పనిని చిన్నదిగా, కంటి కగపడునట్లుగా చేసి యందించినపుడే అలవాటు పట్టుపడును. "సాంఘికశాస్త్రము చదువవలెను" అని డైరీలో వ్రాసికొన్న బాలిక, ఎచట మొదలిడవలయునో తెలియక, తెరచిన పుస్తకమును తిరిగి మూయును. "జాతీయోద్యమ పాఠములోని మూడు ప్రశ్నలకు చూడకుండ జవాబులు వ్రాయుదును" అని వ్రాసికొన్నదో, కూర్చున్నంతనే కలము కదలును. ఆ పని కెంతసేపు పట్టునో ముందుగా ఊహించి మార్జినులో వేయించి, ముగిసిన పిదప నిజముగా పట్టిన కాలమును దాని ప్రక్కనే వ్రాయించినచో, అరగంట యనుకొన్నది గంటపావు పట్టుచున్నదని పిల్లలు తమంతట తామే గ్రహింతురు. తండ్రి స్కేలుతో గీతలు గీసి, రంగులు వేసి గోడ కంటించిన టైంటేబిలు ఎంత యందముగా నున్నను నాలుగు నాళ్ళు నిలువకపోవుటకు హేతువిదియే: అందలి లెక్క పిల్లవానిది కాదు.

చదువు తీరును గూర్చియు ఒక మాట. వల్లెవేయుట మన వీధిబడులనాటి యాచారము. నేటివారు దానిని పరిహసింతురు గాని, పుస్తకము మూసి గురువు నెదుట పాఠ మప్పజెప్పుట యను దాని రెండవ సగము శాస్త్రసమ్మతమే. మరపు తొలి గంటలలో అతివేగముగా కమ్ముకొని పిదప మందగించునని జర్మన్ మనశ్శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్, అర్థరహితములైన అక్షరసమూహములను తానే కంఠస్థము చేసి చేసి, 1885లో ప్రకటించెను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అను పరిశోధకులు ప్రకటించిన ప్రయోగములలో, ఒక గద్యభాగమును మరల మరల చదివినవారు ఐదు నిమిషముల తరువాతి పరీక్షలో ముందుండిరి గాని, వారము గడచునప్పటికి, చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొనుట నభ్యసించినవారే వారిని మించిరి. మరల చదివినకొలది పాఠము వచ్చినదను భ్రమ కలుగును. పుస్తకము మూసినంతనే ఆ భ్రమ తొలగును గనుకనే పిల్లలు మూయుటకు వెనుదీయుదురు. సాయంకాలము చదివినదానిని మరునా డుదయమునను, తిరిగి వారాంతమునను తెల్లకాగితముపై వ్రాసి చూచుకొని, తప్పినవానిని వేరొక పుస్తకమున కెక్కించు నలవాటు చేసినచో, పరీక్షల ముంగిట గైడుకంటె ఆ తప్పుల పుస్తకమే యుపకరించును.

ఇక పెద్దలకు మిక్కిలి కష్టమైన పని చేయి విడుచుట. డైరీని మొదటి దినములలో ప్రతిసాయంకాలమును చూచి, పిదప రోజు విడిచి రోజు, ఆపైన వారమున కొకమారు చూడవలయును, అదియు తనిఖీకి గాక, "ఈ వారము నీ లెక్క యెచట తప్పినది? వచ్చు వారమేమి మార్చెదవు?" అని యడుగుటకు. స్టడీ అవర్లలో సయితము వారమున కొక్కటి యైనను ఏమి చదువవలయునో యెంతసేపు చదువవలయునో పిల్లల నిర్ణయమునకే వదలి, చివరి పది నిమిషములలో ఆ నిర్ణయపు ఫలితమును వారిచేతనే వ్రాయింపవచ్చును. ప్రతిరాత్రియు సంచి సర్దిపెట్టు తల్లి, కొడుకు ఏడవ తరగతికి వచ్చిననాడు ఆ పని మానినచో, వాడు జామెట్రీ బాక్సు మరచిపోయి బడిలో మాట పడును. పడనిండు, పదునెనిమిదవ యేట పరీక్ష ఫీజు గడువు మరచి సంవత్సరము పోగొట్టుకొనుటకంటె పండ్రెండవ యేట ఒక మాట పడుటయే మేలు.