కొలబద్ద లేని సూక్ష్మచిత్రము

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో సుమారు 12 మైక్రానుల వెడల్పు గల గుండ్రని కణమును చూచెను. మరునాడు మిగిలిన దోమను కోసి చూడగా అట్టి కణములే మరింత పెద్దవిగా కనబడెను. అవి పెరుగుచున్నవి, కనుక దోమలో జీవించుచున్న మలేరియా పరాన్నజీవులే యని ఆయన గ్రహించెను. చూపుతోపాటు కొలతయు అచట సాక్ష్యమైనది.

ఆయన పనిచేసిన బేగంపేటకు మౌలాలి ఎంతో దూరము కాదు. కాని ఇక్కడ మా విద్యార్థుల రికార్డులలోని సూక్ష్మచిత్రములలో ఆ సాక్ష్యమే కొరవడుచున్నది. చిత్రము ముచ్చటగా నుండును. క్రింద "400 రెట్లు" అని మాత్రము వ్రాసియుండును. 10 రెట్ల అక్షికటకమును 40 రెట్ల వస్తుకటకముతో గుణించిన సంఖ్య ఇది. కంటితో చూచువానికి చెల్లును. కాని కెమెరా తీసిన చిత్రము సెల్‌ఫోనులో బెత్తెడు, తెరపై గోడంత. రెండును 400 రెట్లేనా?

కంప్యూటరుకు తెలిసినవి పిక్సెళ్లు మాత్రమే. వాటికి మైక్రానుల భాష నేర్పునది స్టేజి మైక్రోమీటరు. అది ఒక మిల్లీమీటరును 100 భాగములుగా గీసిన గాజుపలక. ఒక్కొక్క భాగము 10 మైక్రానులు. 40 వస్తుకటకముతో దానిని చిత్రించి, పది భాగములను కొలువగా 500 పిక్సెళ్లు వచ్చెననుకొందము. అప్పుడు పిక్సెలుకు 0.2 మైక్రాను. ప్రతి వస్తుకటకమునకును ఇట్లు వేరుగా కొలువవలెను. కెమెరాలో చిత్రపరిమాణము మార్చినచో మరల కొలువవలెను.

ఇమేజ్‌జె అను ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పనికి మిక్కిలి అనువైనది. కాని స్కేలు నిర్ణయించుచోట "గ్లోబల్" అను గడి యొకటి కలదు. దానిని గుర్తించినచో అదే స్కేలు తెరచిన చిత్రములన్నిటికిని వర్తించును. వస్తుకటకము మారనంతవరకు ఇది సదుపాయము, మారినచో ఉచ్చు. నిరుడు మా తరగతిలో ఎర్రరక్తకణము 30 మైక్రానులని తేలెను! నిజమునకు దాని వెడల్పు 7, 8 మైక్రానులు. 10 వస్తుకటకపు స్కేలు 40 వస్తుకటకపు చిత్రమునకు అంటుకొనినది. సాఫ్ట్‌వేరు ఆక్షేపింపలేదు, దశాంశములతో సహా తప్పు చెప్పెను. చూడక ఆ రికార్డుపై సంతకము చేసినవాడను నేనే.

కనుక లోపము యంత్రముది మాత్రమే కాదు. చిత్రపు సొగసునకు మార్కులు వేసి, కొలతను అడుగని ఉపాధ్యాయులదియు. స్కేలుగీత లేని చిత్రమును రికార్డులో అంగీకరింపరాదు. చిత్రముతోపాటు పెరిగి తరుగునది ఆ గీత యొక్కటే. కొలుచుటకు ముందు ఒక రక్తపుపూతను పరీక్షించినచో పెద్ద తప్పు వెంటనే బయటపడును.

రాస్ ఆ రెండు దినముల కణములను వేరువేరు వస్తుకటకములతో చూచి, ఒకే స్కేలుతో కొలిచియుండినచో, పెరిగినది కణమో, కొలతయో ఎవరు చెప్పగలరు?